సేనాని కీర్తి, శాసన సాక్ష్యం: ముసునూరి ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం – విమర్శనాత్మక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• విలస శాసనంలోని విషయ క్రమాన్ని వివరించగలుగుతారు.
• ప్రశస్తి చెప్పే మాటకూ చారిత్రక సాక్ష్యానికీ ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.
• ప్రోలయ, కాపయ నాయకుల రాజకీయ జీవితాన్ని అంచనా వేయగలుగుతారు.
• ఒక సేనాని కీర్తి తరువాతి తరాల చేతుల్లో ఎలా రూపు మారుతుందో ఉదాహరణలతో రాయగలుగుతారు.

1. పరిచయం

మీరు ఐ.పోలవరంలోనో, ముమ్మిడివరంలోనో, అయినవిల్లిలోనో ఉండి ఈ పుస్తకం చదువుతున్నట్లయితే, ఈ పాఠంలోని ప్రధాన ఆధారం మీకు దగ్గరి ఊరిదే. ఆంధ్రదేశ చరిత్రలో తరచుగా ఉదహరించే తామ్రశాసనాల్లో ఒకటి అయినవిల్లి మండలంలోని విలస గ్రామానికి సంబంధించినది. కాకతీయ రాజ్యం పడిపోయిన తరువాత ముసునూరి ప్రోలయ నాయకుడు ఈ గ్రామాన్ని దానం చేస్తూ వేయించిన శాసనం అది. చరిత్రకారులు దానిని 1330 ప్రాంతానిదిగా భావిస్తారు.

పరీక్షల్లో ఈ విషయంపై ప్రశ్న వచ్చినప్పుడు చాలామంది ఒకే వాక్యం రాస్తారు: "ప్రోలయ నాయకుడు 75 మంది నాయకులను ఏకం చేసి తురుష్కులను తరిమి ఆంధ్రదేశానికి స్వాతంత్ర్యం తెచ్చాడు." ఈ వాక్యంలో కొంత నిజం ఉంది. కానీ ఇందులో వేర్వేరు కాలాల్లో, వేర్వేరు అవసరాల కోసం రాసిన రెండు శాసనాల మాటలు కలిసిపోయాయి. ఆ ముడిని విప్పడమే ఈ పాఠం ఉద్దేశం. ప్రోలయ నాయకుడి గొప్పతనాన్ని తగ్గించడం మన పని కాదు. ఆ గొప్పతనం ఎక్కడుందో సరిగ్గా చూపడం మన పని.

2. సేనాని – నాయకుడు: ఒక పోలిక

యుద్ధంలో ఎదిగి రాజకీయాల్లో నిలిచిన వ్యక్తి గురించి రాయడం ప్రపంచ సాహిత్యంలో పాత సంప్రదాయం. ప్రాచీన ఏథెన్స్‌లో ఏటా పదిమంది సేనానులను పౌరులు ఎన్నుకునేవారు. అక్కడ సేనాని పదవి రాజకీయ పదవి కూడా. క్రీ.పూ. 480లో సలామిస్ సముద్ర యుద్ధంలో పారశీకులపై విజయానికి కారకుడైన థెమిస్టోక్లీస్ ఇందుకు మంచి ఉదాహరణ. తరువాత సొంత నగరమే అతణ్ణి బహిష్కరించింది. చివరకు తాను ఓడించిన పారశీకుల రాజు కొలువులోనే ఆశ్రయం పొందాడు. హెరొడోటస్ రచనలో అతడు తెలివైనవాడే, కానీ ధనాశ కలవాడు. థుసిడిడీస్ రచనలో అసాధారణమైన ముందుచూపు గలవాడు. ప్లూటార్క్ అతడి జీవిత చరిత్ర రాసేనాటికి అయిదు వందల ఏళ్లకు పైగా గడిచాయి. మనిషి ఒక్కడే. చెప్పేవారు మారినకొద్దీ బొమ్మ మారింది.

కాకతీయుల కాలపు నాయకుడి స్థితిని కూడా ఇలాగే అర్థం చేసుకోవాలి. నాయంకర విధానంలో నాయకుడికి కొంత భూభాగం ఇచ్చేవారు. దాని ఆదాయంతో అతడు సైన్యాన్ని పోషించి, రాజు పిలిచినప్పుడు తీసుకువెళ్లేవాడు. అందువల్ల అతడు సేనాని, పాలకుడు రెండూ. రాజు లేనప్పుడు ఈ రెండు పాత్రలు ఏమవుతాయి? ప్రోలయ నాయకుడి రాజకీయ జీవితం ఈ ప్రశ్నతోనే మొదలవుతుంది.

ఇక్కడ ఒక మాట గమనించండి. సంస్కృతంలో 'యవనులు' అనే పదం మొదట గ్రీకులను సూచించింది. మధ్యయుగ శాసనాలకు వచ్చేసరికి అదే పదాన్ని తురుష్కులకు కూడా వాడారు. శాసన భాషలో శత్రువు పేరు సైతం పాత అచ్చులోంచే వస్తుందని దీనివల్ల తెలుస్తుంది. శాసనాన్ని చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

3. చారిత్రక నేపథ్యం

1323లో ఉలుగ్ ఖాన్ నాయకత్వంలోని ఢిల్లీ సైన్యం ఓరుగల్లును పట్టుకుంది. ప్రతాపరుద్రుడు బందీ అయ్యాడు. ఓరుగల్లుకు సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టారు. రాజమహేంద్రవరంలో 1324 నాటి పారశీక శాసనం గల మసీదు ఉంది. అంటే ఓరుగల్లు పడిన ఏడాదిలోపే ఢిల్లీ అధికారం గోదావరి తీరానికి చేరిందన్నమాట.

ఈ అధికారం చాలా కాలం నిలవలేదు. 1325లో సుల్తానైన మహమ్మద్ బిన్ తుగ్లక్‌కు అన్ని వైపుల నుంచీ తిరుగుబాట్లు ఎదురయ్యాయి. మధుర అధిపతి స్వతంత్రుడైనప్పుడు సుల్తాను స్వయంగా దక్షిణానికి బయలుదేరాడు. ఓరుగల్లు దగ్గర సైన్యంలో అంటువ్యాధి ప్రబలడంతో వెనుదిరిగాడు. స్థానిక నాయకులకు అవకాశం కలగడంలో వారి శౌర్యంతో పాటు ఈ పరిస్థితులకూ పాత్ర ఉంది.

4. విలస శాసనం: విషయ క్రమం

ఈ సంస్కృత శాసనాన్ని నేలటూరి వెంకటరమణయ్య, మల్లంపల్లి సోమశేఖర శర్మ పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించారు. ఇందులోని విషయాన్ని అయిదు భాగాలుగా చూడవచ్చు.

(అ) పూర్వరాజ్యం: కాకతీయుల కీర్తి, ప్రతాపరుద్రుడి ధర్మపాలన.
(ఆ) పతనం: అపారమైన అశ్వబలం గల సురత్రాణుడితో, అంటే సుల్తానుతో, యుద్ధం. ప్రతాపరుద్రుడు మళ్లీ మళ్లీ గెలిచినా చివరకు విధివశాన బందీ అయి, ఢిల్లీకి తీసుకుపోతుండగా నర్మదా తీరంలో మరణించడం.
(ఇ) చీకటి: ప్రతాపరుద్రుడనే సూర్యుడు అస్తమించగా లోకాన్ని తురుష్కులనే చీకటి కమ్మడం, ప్రజల కష్టాలు.
(ఈ) ఉద్ధరణ: ముసునూరి వంశంలో ప్రోలయ నాయకుడు పుట్టి శత్రువులను తొలగించి, ధర్మాన్ని మళ్లీ నిలపడం. గోదావరి దగ్గర మాల్యవంత పర్వతం అడుగున ఉన్న రేకపల్లిని రాజధాని చేసుకోవడం.
(ఉ) దానం: కోనసీమలోని విలస గ్రామాన్ని పండితుడైన బ్రాహ్మణుడికి ఇవ్వడం.

మొదటి నాలుగు భాగాలూ చివరి భాగం కోసం కట్టినవే. తామ్రశాసనం చట్టబద్ధమైన పత్రం. దానం పొందినవారు దానిని తరతరాలుగా దాచుకుంటారు. రేపు ఎవరైనా "ఈ ఊరు మీకు ఎవరిచ్చారు? ఇవ్వడానికి అతడికి ఏం హక్కుంది?" అని అడిగితే జవాబు చెప్పాల్సింది ఈ రాగిరేకులే. కాబట్టి శాసనం చరిత్ర చెప్పడానికి కారణం దాత హక్కును నిరూపించడం.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – I
1. నాయంకర విధానం అంటే ఏమిటి?
2. విలస శాసనంలోని అయిదు భాగాలను వరుసగా రాయండి.
3. తామ్రశాసనం ఎవరి దగ్గర ఉంటుంది? దాని వల్ల అందులోని కథనంపై ఏ ప్రభావం ఉంటుంది?

5. విమర్శ

5.1 కష్టాల పట్టిక, నివారణ పట్టిక

శాసనం ప్రజల కష్టాలను ఒక వరుసలో చెబుతుంది. ధనవంతులను డబ్బు కోసం హింసించారు. బ్రాహ్మణుల చేత కర్మలు మాన్పించారు. దేవతామూర్తులను పగలగొట్టారు. అగ్రహారాలను లాక్కున్నారు. రైతుల కష్టఫలాన్ని దోచుకున్నారు. ఆ తరువాత ప్రోలయ నాయకుడు చేసిన పనుల వరుస వస్తుంది. బ్రాహ్మణులకు గ్రామాలు తిరిగి ఇచ్చాడు. యజ్ఞాలు మళ్లీ మొదలయ్యాయి. రైతులు పంటలో ధర్మబద్ధమైన వంతును మనస్ఫూర్తిగా ఇచ్చారు.

ఈ రెండు పట్టికలను పక్కపక్కన పెట్టి చూడండి. అగ్రహారాలు పోయాయి, తిరిగి వచ్చాయి. యాగాలు ఆగాయి, మళ్లీ సాగాయి. ఈ రెండింటికీ లెక్క సరిపోయింది. రైతు మాత్రం మొదటి పట్టికలో పంట పోగొట్టుకున్నవాడిగా, రెండో పట్టికలో పన్ను సంతోషంగా కట్టేవాడిగా కనిపిస్తాడు. అతడికి తిరిగి ఏమి దక్కిందో శాసనం చెప్పదు. ఇది దానం పొందిన వర్గం దృష్టి నుంచి చూసిన లోకం. అంతమాత్రాన ఆ కష్టాలు కల్పితాలని తేల్చకూడదు. యుద్ధం తరువాత కొత్త అధికారులు పాత దానాలను రద్దు చేసి, భూమి ఆదాయాన్ని తమవైపు మళ్లించుకోవడం సహజంగా జరిగేదే. పట్టికలోని భూమి, పంట, పన్ను అనే మాటలు అసలు నొప్పి ఎక్కడుందో చూపుతున్నాయి.

5.2 పుట్టుకా? పనా?

శాసనంలో అన్నిటికంటే విలువైన అంశం ఇది. ప్రోలయ నాయకుడు చతుర్థ వర్ణంలో, విష్ణు పాదాల నుంచి పుట్టిన వర్ణంలో జన్మించాడని శాసనం దాచకుండా చెబుతుంది. అతణ్ణి సూర్యవంశానికో చంద్రవంశానికో అంటగట్టే ప్రయత్నం చేయదు. విష్ణు పాదాల నుంచే గంగ కూడా పుట్టిందనే ఊహ ఆ కాలపు రెడ్డి రాజుల శాసనాల్లోనూ కనిపిస్తుంది. రాజు కావడానికి క్షత్రియ వంశం అక్కరలేదు, రాజు చేయవలసిన పని చేస్తే చాలు అనేది ఇక్కడి వాదం. కాకతీయుల కాలం నుంచి తెలుగు నేలమీద పెరుగుతూ వచ్చిన భావన ఇది. రాజు లేని కాలంలో ఒక నాయకుడికి దీనికంటే బలమైన ఆధారం మరొకటి దొరకదు.

అందుకే చీకటిని అంత చిక్కగా చిత్రించవలసి వచ్చింది. పుట్టుకతో హక్కు వచ్చేవాడికి శత్రువు ఎంత క్రూరుడన్నది ముఖ్యం కాదు. చేసిన పనితో హక్కు సంపాదించుకునేవాడికి మాత్రం ఆ పని ఎంత కష్టమైనదో చూపడం అవసరం. సింథియా టాల్బట్ వంటి చరిత్రకారులు ఈ కోణాన్నే ముందుకు తెచ్చారు. తురుష్కులను రాక్షసులుగా చిత్రించే ధోరణి అన్ని కాలాల్లోనూ ఒకేలా లేదనీ, ఘర్షణ తీవ్రంగా ఉండి కొత్త పాలకులు తమ హక్కును స్థాపించుకునే రోజుల్లో అది ఎక్కువగా కనిపిస్తుందనీ వారి వాదన. విలస శాసనానికి ఈ మాట బాగా వర్తిస్తుంది.

5.3 అదే మాట, మరొకరి నోట

ప్రశస్తిని పరీక్షించడానికి ఒక సులభమైన పద్ధతి ఉంది. అదే కాలంలో మరో రాజు తన గురించి ఏం చెప్పుకున్నాడో చూడాలి. కొండవీటి రెడ్డి రాజ్య స్థాపకుడు ప్రోలయ వేమారెడ్డి శాసనాలు కూడా, మ్లేచ్ఛులు లాక్కున్న అగ్రహారాలను అతడే తిరిగి ఇచ్చాడని చెబుతాయి. అతడు మ్లేచ్ఛులనే సముద్రాన్ని తాగేసిన అగస్త్యుడట. పేర్లలోని పోలిక వల్ల విద్యార్థులు ప్రోలయ నాయకుణ్ణి, ప్రోలయ వేమారెడ్డిని ఒకరనుకునే ప్రమాదం ఉంది. ఇద్దరూ వేరు.

ఒకే ఘనతను ఇద్దరు చెప్పుకున్నప్పుడు ఒకరు అబద్ధం చెప్పారని అనుకోనక్కరలేదు. ఇద్దరూ తమ తమ ప్రాంతాల్లో ఆ పని చేసి ఉండవచ్చు. మనం గ్రహించవలసింది ఒక్కటే. ఆనాడు "భూమిని ఉద్ధరించినవాడు" అనేది పాలకుడి యోగ్యతకు గుర్తుగా మారింది. ఆ గుర్తు కోసం నాయకులు పోటీ పడ్డారు.

5.4 ఊరు చెప్పే సాక్ష్యం

మరి ప్రోలయ నాయకుడి గురించి ఏది గట్టిగా చెప్పగలం? శాసనంలోని వర్ణనల కంటే అందులోని ఊళ్ల పేర్లే ఎక్కువ చెబుతాయి. రేకపల్లి గోదావరి ఎగువన కొండల మధ్య ఉంది. నేటి వరరామచంద్రపురం మండలంలోది. విలస దిగువన సముద్రానికి దగ్గరగా డెల్టాలో ఉంది. ఈ రెంటి మధ్య గోదావరి పాపికొండలు దాటి, రాజమహేంద్రవరం మీదుగా సాగుతుంది. 1324లో మసీదు కట్టిన అధికారులు ఉన్నది ఆ మధ్య భాగంలోనే.

కొండల్లో రాజధాని పెట్టుకోవడం రక్షణ కోసం. గుర్రపు దళాలు అక్కడికి తేలిగ్గా రాలేవు. కానీ కొండల్లో డెల్టాలో పండినంత వరి పండదు. సైన్యాన్ని పోషించాలంటే డెల్టా కావాలి. కోనసీమలోని ఒక గ్రామాన్ని పన్నులతో సహా వేరొకరికి రాసి ఇవ్వగలిగాడంటే, ఆ ఊరి మీద అతడి మాట చెల్లుతోందని అర్థం. తన చేతిలో లేని ఊరిని దానం చేసినా తీసుకునేవారుండరు. అందువల్ల ప్రోలయ నాయకుడు కొండల నుంచి సముద్రతీరం దాకా గోదావరి వెంట అధికారాన్ని నిలబెట్టాడనడానికి విలస దానమే నమ్మదగిన సాక్ష్యం. శాసనం తన పొగడ్తలతో చెప్పిన దానికంటే, దానం అనే పనితో చెప్పింది ఎక్కువ.

ఈ సాక్ష్యంలో ఒక భాగం నేడు ప్రమాదంలో ఉంది. రేకపల్లి ఉన్న మండలం పోలవరం ప్రాజెక్టు ముంపు ప్రభావిత మండలాల్లో ఒకటి. (ఆ పోలవరం వేరు, కోనసీమలోని ఐ.పోలవరం వేరు.) శాసన పాఠం పుస్తకాల్లో భద్రంగా ఉంటుంది. స్థలం మాత్రం ఒకసారి నీట మునిగితే మళ్లీ పరిశీలించడానికి వీలుండదు.

6. కాపయ నాయకుడు: రాజకీయ జీవితంలోని మలుపులు

ప్రోలయ నాయకుడి తరువాత అతడి బంధువు కాపయ నాయకుడు నాయకత్వం వహించాడు. 1336 ప్రాంతంలో ఓరుగల్లును తిరిగి తీసుకున్నాడు. అక్కడి ఢిల్లీ అధికారి మాలిక్ మక్బూల్ పారిపోయాడు. ఈ సంగతిని ఢిల్లీ చరిత్రకారుడు జియావుద్దీన్ బరనీ కూడా రాశాడు. ఓడిన పక్షం వాడు ఒప్పుకున్న ఓటమికి ప్రశస్తిలోని వంద పొగడ్తల కంటే ఎక్కువ విలువ ఉంటుంది. "విరోధి సాక్ష్యం" అనే ఈ సూత్రాన్ని గుర్తుంచుకోండి.

కాపయ నాయకుడి జీవితాన్ని రెండు మతాల పోరాటంగా మాత్రమే చదివితే మూడు విషయాలు అడ్డు వస్తాయి.

మొదటిది: పారిపోయిన మాలిక్ మక్బూల్ తెలుగువాడే. ప్రతాపరుద్రుడి కొలువులో ఉన్నవాడు. బందీ అయి మతం మారి, తరువాత ఫిరోజ్ షా తుగ్లక్ వద్ద ఖాన్-ఇ-జహాన్ బిరుదుతో ప్రధానమంత్రి స్థాయికి ఎదిగాడు.

రెండవది: కాపయ నాయకుడి బిరుదుల్లో 'ఆంధ్రదేశాధీశ్వర' తో పాటు 'ఆంధ్రసురత్రాణ' కూడా ఉంది. అంటే ఆంధ్ర సుల్తాను. విలస శాసనంలో సురత్రాణుడు ధర్మాన్ని కూల్చినవాడు. కొద్ది ఏళ్లకే ఆ మాట గౌరవ బిరుదైంది. ఢిల్లీపై తిరుగుబాటు చేసిన దక్కన్ అమీర్లకు కూడా కాపయ నాయకుడు సాయపడ్డాడు. ఆ తిరుగుబాటు నుంచే 1347లో బహమనీ రాజ్యం పుట్టింది. ఆ బహమనీలే తరువాత అతడి మీదికి వచ్చారు. కౌలాస్, గోల్కొండ కోటలు చేజారాయి. తుగ్లక్ కోసం చేయించిన మణిమయ సింహాసనాన్ని కాపయ బహమనీ సుల్తానుకు ఇచ్చుకోవలసి వచ్చిందని ఫెరిష్తా రాశాడు.

మూడవది: కాపయ నాయకుణ్ణి చంపింది ఏ సుల్తానూ కాదు. 1368 ప్రాంతంలో ఓరుగల్లు సమీపంలోని భీమవరం వద్ద రాచకొండ రేచర్ల అనపోత నాయకుడితో జరిగిన యుద్ధంలో అతడు మరణించాడు. ఇద్దరూ కాకతీయ వ్యవస్థలోంచి వచ్చిన నాయక కుటుంబాల వారే.

థెమిస్టోక్లీస్ జీవితంతో పోలిక ఇక్కడ స్పష్టమవుతుంది. బయటి శత్రువు ఉన్నంతకాలం నిలిచిన కూటమి, ఆ ఒత్తిడి తగ్గగానే సడలింది. సేనానిగా గెలవడం వేరు. తోటివారంతా ఒప్పుకునే రాజుగా నిలవడం వేరు. మొదటి పని ముసునూరివారు చేశారు. రెండవది వారి చేతుల్లో పూర్తికాలేదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – II
1. విరోధి సాక్ష్యం అంటే ఏమిటి? ఒక ఉదాహరణ ఇవ్వండి.
2. 'ఆంధ్రసురత్రాణ' బిరుదు ఏ విషయాన్ని సూచిస్తుంది?
3. రేకపల్లిని రాజధానిగా ఎంచుకోవడానికి కారణం ఏమై ఉంటుంది?

7. వారసత్వం: కలువచేరు నుంచి నేటివరకు

75 మంది నాయకుల మాట విలస శాసనంలో లేదు. అది రాజమహేంద్రవర రెడ్డి రాణి అనితల్లి 1423లో వేయించిన కలువచేరు శాసనంలోది. అంటే ఓరుగల్లు విముక్తి జరిగిన సుమారు 87 ఏళ్ల తరువాతిది. అందులోనూ ఆ 75 మంది కొలిచింది కాపయ నాయకుణ్ణి. ప్రోలయ నాయకుణ్ణి కాదు. కాపయ మరణానంతరం ఆ నాయకులంతా తమ తమ ఊళ్లకు వెళ్లి పాలించుకున్నారని శాసనం చెబుతుంది. ఈ కథనం వల్ల ఎవరికి ప్రయోజనం? కాకతీయుల నుంచి ముసునూరివారికి, వారి నుంచి నాయకులందరికీ అధికారం న్యాయంగానే సంక్రమించిందని తేలితే, రెడ్డి రాజ్యానికి పునాది దొరుకుతుంది. పాత సేనాని కీర్తి కొత్త రాజ్యానికి పత్రంగా ఉపయోగపడింది.

ఆధునిక కాలంలో మల్లంపల్లి సోమశేఖర శర్మ 1945లో ఆంగ్లంలో ప్రచురించిన 'ఎ ఫర్గాటెన్ చాప్టర్ ఆఫ్ ఆంధ్ర హిస్టరీ' అనే గ్రంథం ముసునూరివారిని మళ్లీ వెలుగులోకి తెచ్చింది. మరచిపోయిన అధ్యాయమని పేరు పెట్టడంలోనే ఆయన ఆవేదన ఉంది. చెదిరిపోయిన శాసనాలను కలిపి ఒక వరుస కథగా నిలిపిన ఆయన శ్రమ లేకపోతే మనం ఈ పాఠం చదువుకోగలిగేవాళ్లం కాదు. అయితే అది స్వాతంత్ర్యోద్యమ కాలం, తెలుగువారి ఐక్యత కోసం తపించిన కాలం. 'విముక్తి', 'జాతీయోద్యమం' వంటి మాటలు 14వ శతాబ్దపు నాయకులకు సులువుగా అతికాయి. ఆ మాటలు ఆ నాయకులవి కావు. మన కాలానివి.

నేడు ఇంకో అడుగు ముందుకు వేసి, ప్రోలయ నాయకుడు తమ కులం వాడంటే తమ కులం వాడని వాదించుకోవడం కూడా వింటుంటాం. శాసనం అతణ్ణి చతుర్థ వర్ణస్థుడని, ముసునూరి వంశీయుడని మాత్రమే చెబుతుంది. నాటి వర్ణ, వంశ నామాలను నేటి కుల సంఘాల పేర్లతో నేరుగా జోడించడం శాసనం చెప్పని మాటను దాని నోట పెట్టడమే. పుట్టుక కంటే పనే ముఖ్యమని వాదించిన శాసనాన్ని పుట్టుక తగాదాకు వాడుకోవడం ఆ శాసనానికి న్యాయం చేయదు.

8. సారాంశం

విలస శాసనం దాన పత్రం, ప్రశస్తి, రాజకీయ వాదం. మూడూ ఒకటిగా ఉన్న రచన. అందులోని కష్టాల వర్ణనను అక్షరాలా నమ్మడమూ, పూర్తిగా తోసిపుచ్చడమూ రెండూ పొరపాట్లే. భూమి, పన్ను, అగ్రహారాల విషయంలో జరిగిన నష్టం అందులో కనిపిస్తుంది. రాజు లేని కాలంలో చేసిన పనే అర్హత అని వాదించడం దాని ప్రత్యేకత. ప్రోలయ నాయకుడి అసలు విజయం రేకపల్లి నుంచి విలస దాకా గోదావరి వెంట మాట చెల్లించుకోగలగడం. కాపయ నాయకుడి విజయాన్ని విరోధి సాక్ష్యం బలపరుస్తుంది. అతడి పతనం నాయకుల మధ్య పోటీని చూపుతుంది. 75 మంది నాయకుల కథ తరువాతి తరం అవసరం నుంచి వచ్చింది. ఇకమీదట పరీక్షలో ఆ పాత వాక్యం రాయబోయే ముందు, ఏ మాట ఏ శాసనంలోదో విడదీసి రాయండి.

9. కీలక పదాలు

ప్రశస్తి: రాజును, అతడి వంశాన్ని కీర్తించే రచన.
అగ్రహారం: బ్రాహ్మణులకు దానంగా ఇచ్చిన గ్రామం.
సురత్రాణుడు: సుల్తాన్ అనే పదానికి సంస్కృత రూపం.
నాయంకరం: సైనిక సేవకు బదులుగా నాయకుడికి భూభాగం ఇచ్చే విధానం.

10. మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. విలస శాసనాన్ని రాజకీయ వాదంగా విశ్లేషించండి.
2. కాపయ నాయకుడి రాజకీయ జీవితాన్ని సమకాలీన సాక్ష్యాల ఆధారంగా అంచనా వేయండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. విలస, కలువచేరు శాసనాలను పోల్చండి.
2. ప్రోలయ నాయకుడు, ప్రోలయ వేమారెడ్డి చెప్పుకున్న ఘనతల్లో పోలికలు ఏవి?

III. కృత్యం
మీ ఊళ్లోని గుడిని గాని, దగ్గరలోని ప్రసిద్ధ ఆలయాన్ని గాని ఎంచుకోండి. ఐ.పోలవరం మండలం వారు మురమళ్ల వీరేశ్వరస్వామి ఆలయాన్ని తీసుకోవచ్చు. దాని గురించి స్థలపురాణం ఏం చెబుతోంది, రాత ఆధారాలు ఏం చెబుతున్నాయి, ఊరి పెద్దలు ఏం చెబుతున్నారు అనే మూడింటినీ వేర్వేరుగా రాయండి. మూడూ ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో, ఎందుకు విడిపోతాయో ఒక పుటలో వివరించండి.